మొద్దు అనే ముందు



మార్కుల కార్డు చేతికి రాగానే మన ఇళ్ళల్లో ముందు వినిపించే మాట "మొద్దు". లేదంటే "బద్ధకం". ఆ మాట అనే ముందు వాడి చెవి, కన్ను, నిద్ర, ఆకలి ఒకసారి చూశామా? ఈవేళ మీతో ముచ్చటించాలనుకున్నది ఇదే.

మా నాచారంలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉంది. టీచరమ్మ పిలిస్తే పలకదట, డిక్టేషనులో సగం మాటలు వదిలేస్తుందట. పొగరని బడిలో బెంచీ ఎక్కించారు, ఇంట్లో రెండు తగిలించారు. సంగతి కనిపెట్టింది చదువురాని నాయనమ్మ. ఎదురుగా నిలబడి పిలిస్తే పలుకుతోంది, వెనకనుంచి పిలిస్తే తిరగడం లేదు! చెవి డాక్టరుకు చూపిస్తే, జలుబులు చేసి చేసి కర్ణభేరి వెనక నీరు చేరిందన్నాడు. ఇందులో చిక్కేమిటంటే, వినికిడి ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు తగ్గుతుంది. అందుకే మనకు నటనలా కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే వైద్యముంది. దెబ్బలతో మాత్రం తగ్గదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రెండు వారాలు మీ కంటపడ్డది రాయండి, మీ అభిప్రాయం కాదు. "అల్లరెక్కువ" అని రాస్తే డాక్టరుకు ఏం తెలుస్తుంది? "లెక్కల ముందు అయిదు నిమిషాల్లో నాలుగుసార్లు లేచాడు, బొమ్మలు వేస్తూ అరగంట కదల్లేదు" అంటే తెలుస్తుంది. వాడికి బాగా వచ్చినవీ రాయండి. ఒత్తులు, గుణింతాలు చిన్నప్పుడు తారుమారవడం మామూలే. నోటితో గడగడా చెప్పే పిల్లవాడు ఎనిమిదేళ్ళొచ్చినా రెండు వరుసలు చదవలేకపోతే మాత్రం చూపించాలి. ఏడాది నిండినా పేరుకు తిరగకపోయినా, రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగవద్దు. "వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దవాళ్ళంటారు, అననివ్వండి.

అన్నట్టు, పారిశ్రామికవాడలో పనికొచ్చిన ఒడిశా, బీహారు కుటుంబాల పిల్లలు బడిలో మౌనంగా ఉంటే అది మందబుద్ధి కాదు. ఇంట్లో వాళ్ళ భాషలో ఎలా మాట్లాడుతున్నారో తల్లినడగాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లల్ని పరీక్ష చెయ్యాలి. అప్పుడిచ్చిన చీటీ సంచీ అడుగున నలిగిపోకుండా చూడండి. చెవికైతే కోఠీలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. బుద్ధి ఎదుగుదల గురించి అనుమానముంటే సికిందరాబాదు మనోవికాసనగర్‌లో 1984లో పెట్టిన కేంద్ర సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. ఉప్పల్లో మెట్రో ఎక్కి ప్యారడైజు దగ్గర దిగితే అక్కడినుంచి ఆటో దూరం.

"నలుగురికీ తెలిస్తే ఆడపిల్లకు పెళ్ళెలా?" అని ఒకావిడ నన్నడిగింది. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ దాచితే నష్టపోయేది ఆ పిల్లే. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చదవడం, రాయడంలోని ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంది. ధ్రువపత్రం ఉంటేనే కదా పరీక్షలో అదనపు సమయం అడగగలం!

వెళ్ళేటప్పుడు నోటుబుక్కు, పాత మందుల చీటీలు, బడి నోటుపుస్తకం ఒకటి పట్టుకెళ్ళండి. టిఫిను డబ్బా మరిచిపోకండి. అక్కడ చాలాసేపు పడుతుంది, పిల్లవాడు ఆకలితో ఉంటే ఏ పరీక్షా సరిగా సాగదు.