అన్ని వయసులకూ ఒకే వాకిలి

(చిత్తూరు వి. నాగయ్య స్మారకోపన్యాసం)



నాగయ్య గారి పేరు మీద నాలుగు మాటలు చెప్పే అవకాశం రావడం నాకు గౌరవం. ఆయన పుట్టింది 1904లో, ఇప్పటి బాపట్ల జిల్లా రేపల్లెలో. నటుడిగా తయారైంది మాత్రం చిత్తూరులో. పగలు తమ తమ పనులు చూసుకుని రాత్రి రంగస్థలం ఎక్కే ఔత్సాహికుల రామవిలాస సభ ఆయనకు వేషాలిచ్చింది. 'సారంగధర' నాటకంలో చిత్రాంగి అనే ఆడవేషం ఆయనకు పేరు తెచ్చింది. తరువాత మద్రాసు చేరి సినిమాల్లో పోతన, 1946లో త్యాగయ్య, 1947లో వేమన అయ్యి తెలుగువాళ్ల మనసుల్లో నిలిచిపోయారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. అయినా కడదాకా ఆయన పేరుకు ముందు చిత్తూరే ఉంది. పుట్టని ఊరు ఒక మనిషికి ఇంటిపేరైందంటే, ఆ ఊరు ఆయనకు వేదిక ఇచ్చింది గనకే.

ఊరిచ్చే ఆ వేదిక ఇప్పుడు ఏ వయసువాళ్లకు దక్కుతోంది, ఎవరికి అందకుండా పోతోంది అన్నదే ఈనాటి నా విషయం.

మన కళా కార్యక్రమాల తీరు ఒకసారి చూడండి. పిల్లలకు పోటీలు పెడతాం. కాలేజీ విద్యార్థులకు యువజనోత్సవాలు జరుపుతాం. పెద్దవాళ్లకు ముందు వరసలో కుర్చీలు వేసి, చివర్లో శాలువా కప్పుతాం. మధ్యలో ఉన్నవాళ్లు, అంటే పొద్దున లేచి పనికి పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరే ఆడవాళ్లూ మగవాళ్లూ, ఈ లెక్కలో ఎక్కడా లేరు. పిల్లవాడు ఆడతాడు, తల్లి ఫోనులో వీడియో తీస్తుంది, తాత చప్పట్లు కొడతాడు. ముగ్గురూ ఒకే సభలో ఉన్నారు గానీ ఒక పనిలో లేరు. కళ అందరికీ అందాలంటే కూర్చునే చోటు ఇస్తే చాలదు, చేసే పని ఇవ్వాలి. ఈ సంగతి మన సీమకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. మన జాతరలకూ, మన భారతాలకూ ఇది ఎప్పుడో తెలుసు.

గంగ జాతర

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో, ఎండలు మండే రోజుల్లో వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు వేస్తారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండల వేషాలు రోజుకొకటిగా సాగి, మళ్లీ మంగళవారానికి జాతర. అమ్మవారి ప్రధాన వేషాలు కైకాల కుటుంబాలవి. కానీ మొక్కుకున్నవాళ్లు ఎవరైనా వేషం కట్టవచ్చు. చంకలోని పసివాడికి తల్లి వేషం వేసి గుడికి తెస్తుంది. మీసాలు వచ్చిన కుర్రాడు చీర కట్టి, పూలు ముడుచుకుని బజారు వెంట నడుస్తాడు. ఆడవాళ్లు గుడి ముంగిట పొంగళ్లు పెడతారు.

ఇంతమందికి ఇది ఎట్లా అందుతోంది? వేషానికి కావలసినవి సుద్ద, కుంకుమ, బొగ్గు, వేపాకు. ఇవి ప్రతి ఇంటా ఉండేవే, ప్రతి పేదవాడూ తెచ్చుకోగలిగినవే. చేరడానికి పరీక్ష లేదు, మొక్కే అర్హత. జరిగే చోటు వీధి, టికెట్టు అడిగేవాళ్లు లేరు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఏ రోజు ఏ వేషమో, దేనికి ఏది పూయాలో, ఏ మొక్కు ఎట్లా తీర్చాలో చెప్పడానికి ఇంట్లో అవ్వ కావాలి. వేషం కట్టేది మనవడు, కట్టించేది తల్లి, తెలిసింది అవ్వకు. మూడు తరాలూ లేకపోతే ఆ వేషం పూర్తి కాదు.

పద్దెనిమిది రోజుల భారతం

రెండో ఉదాహరణ ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో, తమిళ సరిహద్దు పొడవునా ఎన్నో ఊళ్లలో భారతం ఆడే మిట్టలున్నాయి. వేసవిలో పద్దెనిమిది రోజుల ఉత్సవం. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. నడుమ బకాసుర వధకు బండి కదులుతుంది. అర్జునుడు తపసు మాను ఎక్కుతాడు. బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు ఆ మాను చుట్టూ చేరతారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర యుద్ధం ముగుస్తుంది, సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

దీని అమరికలో గొప్ప తెలివి ఉంది. ఒకే కథను పగటికీ రాత్రికీ, చెవికీ కంటికీ పంచిపెట్టారు. రాత్రంతా మేలుకోలేని ముసలివాళ్లకు మధ్యాహ్నం హరికథ దొరుకుతుంది. పగలు పనికి పోయినవాళ్లకు రాత్రి నాటకం దొరుకుతుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలు బకాసురుడి బండి వెంట పరుగెత్తుతారు. కథ అందరికీ తెలిసిందే గనక నడుమ నిద్రపోయిన పిల్లవాడూ, ఆలస్యంగా వచ్చిన ఇల్లాలూ ఏమీ నష్టపోరు. మిట్ట మీద లేచిపోవచ్చు, తిరిగి రావచ్చు, బిడ్డకు పాలివ్వవచ్చు, నడుం వాల్చవచ్చు. ఏసీ హాలులో ఏడున్నరకు తలుపు మూసే కార్యక్రమంలో ఈ వీలు ఉండదు.

ఆ వాకిలికీ గడపలున్నాయి

పాతదంతా బంగారమని నేను అనను. వీధినాటకంలో ద్రౌపది వేషం సంప్రదాయంగా మగవాళ్లదే. నాగయ్య గారు చిత్రాంగి అయ్యింది కూడా ఆడవాళ్లు రంగస్థలం అరుదుగా ఎక్కే కాలంలోనే. ఎవరు డప్పు కొట్టాలి, ఎవరు ఎంతదూరంలో నిలబడాలి అన్నది కులం తేల్చిన రోజులూ మనకు తెలుసు. వయసు విషయంలో విశాలంగా ఉన్న మన సంప్రదాయం కులం దగ్గర, ఆడవాళ్ల దగ్గర ఇరుకైపోయింది. దాన్ని కప్పిపుచ్చి జాతరను పొగడడం న్యాయం కాదు.

ఆ ఇరుకును కొంత విప్పినవి మన సంస్థలు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. 1983లో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పండితులు రాగి రేకుల్లో దాగి ఉన్న అన్నమయ్య పాటల మీద ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ పాటల కోసమే 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. ఆ ప్రాజెక్టు గాయకుడిగా గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఎన్నో కీర్తనలను స్వరపరిచి పాడారు, నేర్పారు. 2025 మార్చిలో ఆయన కన్నుమూసినప్పుడు ఆయన పాట పాడుకోని భజన మండలి ఈ చుట్టుపక్కల కనిపించలేదు. కొద్దిమంది పండితులకే తెలిసిన పాట ఇల్లాలి నోటికి వచ్చింది. యాభై ఏళ్ల ఆవిడ చేత తాళాలు పట్టి అలిపిరి మెట్లెక్కుతూ పాడుతోందంటే, పదేళ్ల పిల్ల పక్కన నిలబడి బ్రహ్మోత్సవాల్లో కోలాటం వేస్తోందంటే, అది ఈ కృషికి వచ్చిన ఫలం.

అయితే సంస్థకు ఒక స్వభావం ఉంది. కోర్సు, సిలబస్, హాజరు, పరీక్ష, సర్టిఫికెట్ దానికి తప్పవు. వృత్తి కళాకారుడికి అవి కావాలి. అరవై దాటి ఒక కీర్తన నేర్చుకోవాలనుకున్న రిటైరైన టీచరమ్మకు అవి అక్కరలేదు. ఆమెకు కావలసింది ఇంటికి దగ్గరగా ఒక చోటు, వారానికి రెండు గంటలు, ఓపిక ఉన్న గురువు.

పని పంచుకునే చోటే కళ నిలుస్తుంది

శ్రీకాళహస్తి కలంకారి సన్నగిల్లుతున్న రోజుల్లో, 1950ల చివర, కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు మళ్లీ ఇళ్లలో నేర్పారు. ఆ కళకు పేరు తెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ పని ఇల్లంతా పంచుకునేది. గుడ్డను కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టాలి. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి కసిమి అనే నల్లరంగు తయారుచేయాలి. వెదురు కలంతో గీత గీయాలి, పటిక పూయాలి, పారే నీటిలో ఉతకాలి. గీత గీసే చేయి ఆరితేరినదై ఉండాలి, రంగు నింపే చేయి నేర్చుకుంటున్నదైనా ఫరవాలేదు. ఒకే గుడ్డ మీద అనుభవానికీ చోటుంది, అప్పుడే కలం పట్టిన పిల్లకూ చోటుంది.

పాట విషయంలో మదనపల్లె ఒక మంచి గుర్తు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో బస చేశారు. విద్యార్థులూ అధ్యాపకులూ కూడి పాడుకునే కూటమిలో ఆయన తన 'జనగణమన' పాడారు. కాసేపటికే వింటున్నవాళ్లు పల్లవి అందుకున్నారని ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ అక్కడే చేశారు, మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసి పెట్టారు. మహాకవి పాడుతుంటే మిగతావాళ్లు విని ఊరుకోలేదు. వాళ్లకు అందుకునే పల్లవి దొరికింది. ప్రతి కార్యక్రమంలోనూ అందరూ అందుకోగలిగిన పల్లవి ఒకటి ఉండాలి.

ఇది దయ కాదు, హక్కు

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 27వ అధికరణం సమాజపు సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు ప్రతి మనిషికీ ఉందని చెప్పింది. 1992లో భారతదేశం చేరిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పిల్లలకూ ఆ హక్కు ఇచ్చింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ వికలాంగుల సాంస్కృతిక జీవితపు బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లందరినీ ప్రేక్షకులుగానే లెక్కపెడదామా?

బయటి ప్రపంచం ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటోంది. జపాన్‌లో నాటక దర్శకుడు యుకియో నినగావా 2006లో యాభై అయిదు దాటినవాళ్లతో సైతామా గోల్డ్ థియేటర్ కట్టి, వాళ్ల జీవితానుభవాన్నే నటనకు పెట్టుబడి చేశాడు. న్యూయార్క్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు నాట్యం నేర్పుతోంది. వణికే చేతికి కూడా చేయగలిగిన అడుగు ఉందని వాళ్లు చూపించారు.

చేయవలసినవి

మొదట వేళ. పెద్దవాళ్లకు పొద్దున, బడిపిల్లలకు సాయంత్రం, కూలిపనికి పోయేవాళ్లకు రాత్రి. ఒకే కార్యక్రమాన్ని భారతం లాగా మూడు పూటలకు పంచవచ్చు.

తరువాత చోటు. మెట్లెక్కవలసిన హాలు కంటే బడి ఆవరణ, గుడి మండపం, పంచాయతీ ఆఫీసు ముంగిలి మేలు. వాలుదారి, తాగునీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, వీపు ఆన్చుకునే కుర్చీ లేకుండా ఆహ్వానపత్రిక అచ్చు వేయకూడదు. పాటల కాగితాలు పెద్ద అక్షరాల్లో ఉండాలి. వినలేనివాళ్లకు సంజ్ఞాభాషలో చెప్పే మనిషి పక్కన ఉండాలి.

మూడోది, తరాలను కలపడం. ఉత్సవాల్లో వయోపరిమితి లేని విభాగం ఒకటి తప్పనిసరిగా పెట్టండి. అవ్వా మనవరాలూ కలిసి ఆడే కోలాటానికి, తండ్రీ కొడుకులు కలిసి వేసే చెక్కభజనకు బహుమతి ఇవ్వండి. పిల్లలకు గొబ్బిపాటలు నేర్పే పని ఊళ్లోని అవ్వలకే అప్పజెప్పి, గౌరవవేతనం ఇవ్వండి. శాలువా వాళ్లను సభ అయ్యాక ఇంటికి పంపుతుంది. వేతనం వాళ్లను మళ్లీ వారం పిలుస్తుంది.

నాలుగోది, పాత గడపలు తీసెయ్యడం. ఆడపిల్ల ద్రౌపది వేషం కట్టే భారతం, ఏ కులం పిల్లవాడైనా ఏ వాద్యమైనా పట్టే బృందం మన కళ్లెదుట రావాలి.

వీటిలో ఏదీ కోట్లు అడిగే పని కాదు. దేవస్థానం, విశ్వవిద్యాలయాలు, కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం, పురపాలక సంఘాలు, భజన మండళ్లు తమకు ఇప్పటికే ఉన్న గదులను, గురువులను, వేళలను కొంచెం సర్దితే చాలు. ఒక్కో వార్డులో, ఒక్కో ఊళ్లో వారానికి ఒక సాయంత్రం తలుపు తెరిచి ఉంచితే పని మొదలవుతుంది.

నాగయ్య గారికి చిత్తూరు చేసిన మేలు ఒక్కటే: రా, వేషం కట్టు అని పిలిచింది. ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను, అందరికంటే చిన్నవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, వాళ్లకు తెలిసిన పాట, ఆట, కథ ఏమిటో అడగండి. వచ్చే ఉత్సవానికి ఆ ఇద్దరి పేర్లూ ఒకే బృందంలో రాయించండి. నిర్వాహకులు కాదంటే అడగండి, మళ్లీ మళ్లీ అడగండి. ఇది మీ హక్కు.