గుఱ్ఱమునకు ముందు గడ్డి, పిదప గుగ్గిళ్లు

గుఱ్ఱమనగానే మనకు ఉలవలు జ్ఞప్తికి వచ్చును. ఉలవ గుగ్గిళ్లు దానికి బలమే. కాని అవియే దాని భోజనమని తలచుట పొరపాటు. జట్కాలు అరుదైన ఈ దినములలోను పెండ్లి ఊరేగింపులకై గుఱ్ఱములను మేపువారు కలరు. వారికొఱకే ఈ నాలుగు మాటలు.

గుఱ్ఱము ఆవువలె నెమరు వేయదు. మనవలె వాంతి చేసికొనజాలదు. అంత దేహమున్నను దాని జీర్ణకోశము సుమారు 15 లీటర్లకు మించి పట్టదు. గడ్డి అరుగునది ఆవల నున్న పెద్దప్రేగులలో, సూక్ష్మజీవుల వలన. ఒక్కమారుగా గంపెడు దాణా పెట్టితిమా, అది సగమరగియు అరగకయు అచ్చటికి చేరి పులియును. అంతట శూల పుట్టి గుఱ్ఱము నేలబడి పొరలును. ఒక్కొక్కప్పుడు గిట్టలలోపల వాపు పుట్టి కుంటుపడును. ప్రాణమే పోవచ్చును. దానినే నమ్ముకొన్న యింట పొయ్యి వెలుగుట యెట్లు?

300 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 5, 6 కిలోల ఎండుగడ్డి విడతలుగా వేయవలెను. నీరు, ఉప్పుగల్లు ఎల్లప్పుడు అందవలెను. బూజుపట్టిన గడ్డి ఎంత చౌకయైనను వలదు. దాణాను పనిని బట్టి రెండు మూడు పూటలకు పంచవలెను. మార్చదలచినచో వారము పది దినములలో మెల్లగా మార్చవలెను. పనిలేని దినమున దాణా తగ్గింపవలెను. ప్రేమకొలది మనము మరచునది ఇదియే.