కూర్చున్నా ఖర్చయ్యే శక్తి



జీవక్రియ గురించి భీమవరంలో మాట్లాడే అవకాశం దొరకడం నాకు నిజంగా సంతోషం. 1895లో ఈ ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు ఎంత చిక్కగా వస్తే భాస్వరం అంత ఉన్నట్టు లెక్కగట్టే పరీక్షను 1925లో ప్రకటించారు. కండరపు రసంతో ఆ పరీక్ష చేసినప్పుడు రంగు ఒక్కసారిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. అంటే ఏదో పదార్థం ఆమ్లంలో విరిగిపోతూ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా వదులుతోందన్నమాట. దాన్ని పట్టుకుని 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తిని అందించే ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

మనం తిన్న అన్నమైనా, పప్పైనా, చేపల పులుసైనా కణానికి నేరుగా పనికిరాదు. వాటిలోని శక్తి ఏటీపీలోకి చేరాలి. ఒంట్లో ఏ క్షణానైనా ఏటీపీ ఉండేది గ్రాముల్లోనే. దాన్నే విరిచి, మళ్లీ కట్టి, మళ్లీ విరుస్తూ రోజు మొత్తంలో దాదాపు మన ఒంటి బరువంత తిప్పుతాం.

ఆ శక్తంతా ఎక్కడికి పోతోంది? కూర్చుని పనిచేసేవాళ్లలో 60 నుంచి 70 శాతం ఊరికే పడుకున్నా అయ్యే ఖర్చే. బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో అయ్యే ఖర్చులో 20 శాతం తీసుకుంటుంది. తిన్నది అరిగించుకోవడానికే మరో 10 శాతం పోతుంది. మిగిలింది నడకకు, పనికి.

"నలభై దాటాయి డాక్టరు గారూ, మెటబాలిజం స్లో అయిపోయింది" అని నా దగ్గరికొచ్చేవాళ్లు చాలామంది అంటారు. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల వృద్ధుల దాకా కొలిచిన ఫలితాలు 2021లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇరవై నుంచి అరవై దాకా ఖర్చు దాదాపు ఒక్కలాగే ఉంది. అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతోంది. కాబట్టి నలభైల్లో వచ్చే పొట్టకు కారణం కంచంలోనూ, తగ్గిన నడకలోనూ, చాలని నిద్రలోనూ వెతకాలి.

కడుపు మాడ్చుకుంటే త్వరగా తగ్గుతామనుకునేవాళ్లు 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ప్రయోగం గురించి వినాలి. శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు సగం ఆకలితో ఉండేంత తిండే పెట్టారు. బరువు పావువంతు తగ్గింది. విశ్రాంతిలో అయ్యే శక్తి ఖర్చు మాత్రం 40 శాతం దాకా పడిపోయింది. నాడి మందగించింది. ఎండాకాలంలోనూ చలి వేస్తోందన్నారు. కంచాలు నాకారు, వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. తిండి తగ్గితే శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, కండను కూడా కరిగించుకుంటుంది. అందుకే బరువు తగ్గాలనుకునేవాళ్లకు నేను మెల్లగా తగ్గమనే చెబుతాను. పూటపూటకూ పప్పో, గుడ్డో, చేపో ఉండాలి. కండకు పని చెప్పే వ్యాయామం ఉండాలి. అరవై దాటిన అమ్మలకు ఇది మరీ అవసరం. ఇంట్లో అందరికీ వడ్డించి, ఆఖరున మిగిలిన చారూ అన్నంతో సరిపెట్టుకునేది వాళ్లే.

థైరాయిడ్ సంగతి వేరు. ఆ గ్రంథి మందగిస్తే ఖర్చు నిజంగానే తగ్గుతుంది. నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం కనిపిస్తే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. మాత్ర వాడుతున్నవాళ్లు బరువు తగ్గడం కోసం మోతాదు సొంతంగా పెంచుకోకండి. గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఎంత వేసుకోవాలో రక్తపరీక్ష చూసి మీ డాక్టరు చెప్పాలి.