ఉన్నత పాఠశాలకు మరి రెండేండ్లు
(మార్కాపురమునందలి పఠనమందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఉన్నత పాఠశాల కాలమును పొడిగింపవలయునా, వలదా యనునది నేటి చర్చ. ఈ ప్రశ్న వినగానే మనలో కొందరు “ఉన్న పది తరగతులకే దిక్కు లేదు, ఇంకను రెండా?” యని నవ్వుదురు. ఆ నవ్వునందు సత్యము లేకపోలేదు. కాని నేను కోరునది బిడ్డల చదువునకు అదనముగా రెండేండ్లు తగిలించుట కాదు. కళాశాల పేరిట పట్టణమున జరుగుచున్న పదునొకండవ, పండ్రెండవ తరగతులను పల్లెబిడ్డకు అందుబాటులోనున్న ఉన్నత పాఠశాలకు తెచ్చుట మాత్రమే.

ఈ రెండేండ్ల తగవు క్రొత్తది కాదు. 1919లో నివేదిక నొసగిన శాడ్లరు సంఘము ఇంటర్మీడియేటును విశ్వవిద్యాలయము నుండి వేరుచేయు మనెను. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారుగారి సంఘము ఇంటర్మీడియేటునే తీసివేసి, ఒక యేటిని పాఠశాలకును, ఒక యేటిని పట్టపరీక్షకును పంచు మనెను. అప్పుడు ప్రీ-యూనివర్సిటీ తరగతి వచ్చెను. 1964-66 నాటి కొఠారీ సంఘము పది, రెండు, మూడు అను క్రమమును చూపెను. మన రాష్ట్రమున 1969-70 నుండి రెండేండ్ల ఇంటర్మీడియేటు మరల వచ్చెను. 1971లో దానికి చట్టముచే ఒక బోర్డు ఏర్పడెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు ఒకే దశ యనినది. నూరేండ్లుగా ఈ రెండు సంవత్సరములు పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ తిరుగుచునే యున్నవి.

పండితుల చర్చ అటుండనిండు. మన నల్లమల యంచు పల్లెలలో జరుగునది చూడుడు. అర్ధవీడు, దోర్నాల, యర్రగొండపాలెము, కొమరోలు ప్రాంతముల పల్లెలో పదవ తరగతి ముగిసిన నాడు కలిగినవాడు కొడుకును గుంటూరునకో, బెజవాడకో పంపి, చాలనిచోట అప్పు చేయును. కూతురి మాట వచ్చినప్పుడు తల్లి బస్సు వేళ లెక్కించును. తండ్రి చీకటి పడువేళ లెక్కించును. “ఆడపిల్ల, చదివినంత చాలు లెమ్మ”ని యిద్దరును ఒక మాటకు వత్తురు. ఆ తల్లిదండ్రులు చదువునకు శత్రువులు కారు. ఊరిలో బడి యున్నంతకాలము పంపినవారే కదా! బడి ముగిసిన చోటనే వారి ధైర్యమును ముగిసినది.

న్యాయవాదిగా నాకు తోచునది మరియొకటి కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే బిడ్డకు హామీ నిచ్చినది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము పదునెనిమిదేండ్లు నిండనిదే బాలికకు పెండ్లి చేయరా దనుచున్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లు దాటినవారిని అపాయకరములైన పనులనుండి మాత్రమే తప్పించినది. ఒక తలుపు పదునాలుగింట మూతపడును. ఇంకొకటి పదునెనిమిదింట తెరచుకొనును. నడుమ నాలుగేండ్లు బాలికకు కావలి యెవరు? పెండ్లి ముహూర్తమునకు ముందురోజు వచ్చు అధికారియా? తగవు పుట్టిన పిమ్మట కాగితములు చూచు మావంటి వకీళ్ళా? వీరందరికంటె మేలైన కావలి హాజరుపట్టీ. బడిలో పేరున్న పిల్లను పెండ్లిపీటలపై కూర్చుండబెట్టుటకు పదిమంది జంకుదురు. పండ్రెండవ తరగతి ముగియునప్పటికి ఆమెకు ఇంచుమించు పదునెనిమిదేండ్లు నిండును.

ఈ మాట మార్కాపురము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మన పలకలపై దేశమున ఎందరో బిడ్డలు అక్షరములు దిద్దిరి. ఆ పలకలను చేసిన చేతులలో పసిబిడ్డల చేతులును ఉండెను. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకమును ఆరంభించినప్పుడు మన పలకల పరిశ్రమయు దాని లెక్కలోనికి వచ్చినది. ఇరుగుపొరుగు బిడ్డలకు పలక యిచ్చి, తన బిడ్డకు దానిపై వ్రాయు తీరిక నీయలేని యూరికి బడి విలువ తెలియకున్న మరెవరికి తెలియును?

ఇక ఆక్షేపణలు. ఉపాధ్యాయు లెక్కడ? ప్రయోగశాల లెక్కడ? ఇది సరియైన ప్రశ్న. 2022లో మన రాష్ట్రమున కొన్ని ఉన్నత పాఠశాలలకు ‘హైస్కూల్ ప్లస్’ అని పేరుపెట్టి ఇంటర్మీడియేటు తరగతులు చేర్చిరి. తలంపు మంచిదే. కాని ఫలకముపై ఒక మాట చేర్చుట సులభము. భౌతికశాస్త్రము చెప్పగల గురువును చేర్చుట కష్టము. పదవ తరగతి వరకు గంట తీరిక లేని ఉపాధ్యాయునికే పై రెండు తరగతులు అంటగట్టినచో రెండును చెడును. కనుక ప్రతి పల్లెలోను తెరువుమని నేననను. మండలమునకు రెండు మూడు చోట్ల, చుట్టుపల్లెల పిల్లలు వచ్చి పోగల బడులను ఎంచి, ముందుగా పోస్టులు మంజూరుచేసి, పిమ్మట తరగతులు తెరువవలయును.

“పదవ తరగతితో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చేరువారి గతి యేమి?” యని మరికొందరు. వారి దారి మూయరాదు. పదవ తరగతి పత్రము ఇప్పటివలెనే నిలువవలయును. పట్టణమునకు పోగలవాడు పోవుగాక! నా వాదము పోలేనివారి పక్షమున.

1970లో మన తాలూకాలు కర్నూలునుండి విడివడి చేరిన జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. తండ్రి పోగా, తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి ఆయనను చదివించెను. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను గురువు ఆయనను రాజమహేంద్రవరమునకు తోడ్కొనిపోయి చదువు సాగించెను. ఆ గురువు దొరకనిచో ఆంధ్రకేసరి యుండెడివాడా? ప్రతి బిడ్డకును అట్టి నాయుడుగారు దొరకరు. చట్టము చేయవలసిన పనిని అదృష్టమునకు విడుచుట ప్రజారాజ్యమునకు తగదు.

కావున రెండు కోరికలతో మహజరు సిద్ధపరచితిమి: విద్యాహక్కు పదునెనిమిదేండ్ల వరకు సాగవలయును, ఎంచిన యున్నత పాఠశాలలలో గురువులతో కూడ పై తరగతులు రావలయును. చేవ్రాలు చేయుటతోనే మీ పని ముగిసినదని తలపవలదు. ఇంటికి పోయి, కడచిన యేడు మీ వీథిలో పదవ తరగతి ముగించిన బాలిక లెందరో, వారిలో నేడు పుస్తకము పట్టినవా రెందరో అడిగి తెలిసికొనుడు. ఆ లెక్క వ్రాసికొని వచ్చే సభకు తెండు. నా ఉపన్యాసముకంటె ఆ కాగితము గట్టిగా వాదించును.