డేగను పోల్చుకొనుట



కోడిపిల్లలను పెంచు ఇల్లాలికి పైనుండి నీడ పడినచో అది డేగయే. కేకవేసి రాయి రువ్వును. పిల్లలను తన్నుకొనిపోవునది తరచుగా చీలికతోక గ్రద్ద. రాయి మాత్రము ఒక్కొక్కమారు నిరపరాధికి తగులును. ఆ నిరపరాధి సంగతియే నేటి ప్రసంగము.

వేటకు పక్షులను పెంచిన దినములలో తెలుగువారికి ఇట్టి తికమక లేదు. జాలెడేగ వేరు, సాళువము వేరు, భైరి వేరు. 1485 ప్రాంతమున విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయల వంశనామము ఆ వేటపక్షి పేరే. వేట పోయినది, పేర్లు నిఘంటువులకెక్కినవి, కంటినేర్పును వానితో సన్నగిల్లినది.

జాలెడేగను చూచుటకు అడవికి పోనక్కరలేదు. పల్లెబిడ్డలు చదువులకై బసచేయు హైదరాబాదు బర్కత్‌పుర, నారాయణగూడలవంటి రద్దీపేటల చెట్లపైనను అది వ్రాలును. అక్కడివారు షిక్రా యందురు. పావురమంత పక్షి; వీపు బూడిదవన్నె, రొమ్మున తుప్పురంగు అడ్డుచారలు, గొంతు నడుమ సన్నని గీత. తొండలు, ఎలుకలు, చిన్నపిట్టలు దాని ఆహారము.

దీనిని అచ్చుగ్రుద్దినట్లుండునది పపీహా యను కోకిలజాతి పక్షి. వన్నె అదే, చారలవే, రెక్కలు కొంతసేపు ఆడించి జారిపోవు తీరదే. పిల్లకు సైతము డేగపిల్ల వేషమే! పరుల గూళ్లలో గ్రుడ్లుపెట్టు పక్షికి ఆ వేషమెంత అక్కరో చెప్పనేల? అయినను ముక్కు దాగదు. డేగముక్కు పొట్టిగా కొక్కెమువలె వంగియుండును. పపీహా ముక్కు సన్నము. డేగకాళ్లు పొడవు, గోళ్లు వాడి, దీనివి పొట్టికాళ్లు. వేసవిరాత్రుల అంతకంతకు స్థాయి పెంచుచు అరచునది ఇదియే. నూగు గొంగళిపురుగులను తిని తోటకు మేలుచేయును. కోడిపిల్లల జోలికి పోదు. రాతిదెబ్బ తినునది ఇది.

డేగలలో డేగను పోల్చుట ఇంతకంటె కష్టము. దట్టమైన అడవుల బెస్రాకు గొంతున లావుపాటి నల్లగీత, తోకకు వెడల్పు పట్టీలు ఉండును. చలికాలమున ఉత్తరమునుండి వచ్చు పిచ్చుకడేగకు ఆ నడిగీతయే లేదు. పరిమాణమును నమ్మరాదు, ఈ జాతులలో ఆడది మగదానికంటె పెద్దది. పిల్లడేగలయెడ ఆరితేరినవారును తడబడుదురు. అట్టిచో పుస్తకమున “డేగ” యని మాత్రము వ్రాసి ఊరకుండవలెను. తెలియని పద్దును ఊహించి వ్రాయు లెక్క ఎక్కడనైన చెల్లునా?

1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరిపిన కాలమున, చేతబట్టి పరీక్షించుటకు పక్షిని కాల్చెడివారు. నేడొక దుర్భిణియు, కదలక నిలుచు ఓపికయు చాలును. ముందు గొంతు చూడుడు, పిదప ముక్కు.