ఆటగాని ఋణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సంఘమువారు నన్ను గ్రంథపఠనమువలని లాభములను గూర్చి మాటలాడుమని కోరిరి. ఆ విషయము చెప్పదగిన పండితులు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. కావ్యములు గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లకడ కూర్చుండి, నిఘంటువును ప్రక్కనుంచుకొని, తప్పులతో చదువుకొన్నవాడను. చిట్టా, ఆవర్జా, జమ, ఖర్చు, బాకీ, ఇవి నాకు తెలిసిన మాటలు. అందుచేత బాకీని గూర్చియే మాటలాడెదను.

మన ఊరి తగవు మీకందరకు తెలిసినదే. గడచిన సంక్రాంతినాడు మన కబడ్డి జట్టు పొరుగూరి జట్టుతో తలపడి ఓడెను. మన బడి ఆవరణలో ఆట నేర్చి, నేడు నగరమున ఒక జట్టులో జీతముపై ఆడుచున్న యువకుడు ఆ దినమున రాలేదు. రాలేకపోయెనా, రానొల్లడాయెనా అన్న విచారణ జరుగలేదు. ఈ గ్రంథాలయపు గోడపై వ్రాయించిన క్రీడాకారుల పట్టికనుండి అతని పేరు తుడిచివేయవలెనని కొందరు ఒక తీర్మానమును సిద్ధపరచిరి. వచ్చు ఆదివారము అది సంఘము ముందునకు రానున్నది. తీర్మానము పెట్టినవారును నాకు కావలసినవారే. ఆ బాలుడును నా యెదుట పెరిగినవాడే.

పెద్ద పోటీలలో పేరు పొందినవాడు తన ఇంటి పోటీకి, తన ప్రాంతపు జట్టుకు కట్టుబడి యుండవలెనా? దేశమునకు కీర్తి తెచ్చుటతోనే అతని బాకీ చెల్లిపోయినదా? ఈ ప్రశ్న మన రచ్చకట్టమీద పుట్టినది కాదు. దేశమున ఎంతో పెద్దవారి విషయమున కూడ ఇది తలయెత్తినది.

షటిల్ బ్యాడ్మింటన్ ఆటను తీసికొందము. ప్రకాశ్ పదుకొనే గారు 1971 మొదలు 1979 వరకు వరుసగా తొమ్మిదిమార్లు జాతీయ విజేతలై, 1980లో ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచిరి. మన పుల్లెల గోపీచంద్ గారు 1996 మొదలు 2000 వరకు అయిదుమార్లు జాతీయ విజేతలై, 2001లో అదే ఆల్ ఇంగ్లండును గెలిచిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాటకు వీరిరువురును సాక్షులు. కాని అనంతరము కాలము మారినది. ప్రపంచ పోటీలు నెలనెలకు పెరిగినవి. సైనా నెహ్వాల్ 2006, 2007 సంవత్సరములలో జాతీయ విజేత యయ్యెను. ఆ తరువాత పదేండ్లు ఆమె జాతీయ పోటీలలో కానరాలేదు. ఆ పదేండ్లలో ఆమె ఊరకుండెనా? 2012లో లండను ఒలింపిక్సులో కాంస్యపతకము తెచ్చెను; 2015లో ప్రపంచమున ప్రథమస్థానమున నిలిచెను. ఇట్టివారిని పట్టుకొని "నీవు ఇంటి పోటీకి రాలేదు" అని గద్దించుట న్యాయమా?

న్యాయమా యని నేనును చాలకాలము సంశయించితిని. పైగా ఇందులో ఒక చిక్కు కలదు. 2018 మొదలుకొని ప్రపంచ సమాఖ్యవారు ఒక నియమము పెట్టిరి. ఏకాకి ఆటలో మొదటి పదునైదు స్థానములలో నున్నవారు ఏటికి పండ్రెండు పోటీలకు తక్కువ కాకుండ ఆడవలెను. కారణము లేక మానినచో జరిమానా. ఒక ప్రక్క జరిమానా, మరియొక ప్రక్క మర్యాద. మనుష్యుడు ఎటు పోవునో చెప్పుటకు శాస్త్రములు చదువనక్కరలేదు. శరీరమా, అది ఒక్కటే. 2022లో కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచిన పి.వి. సింధు, కాలి ఎముకకు దెబ్బ తగిలి ఆ వెంటనే వచ్చిన ప్రపంచ పోటీకే పోజాలకపోయెను. ఎద్దు బలమైనదని రెండు కాడులు దాని మెడపై పెట్టు రైతు మనలో ఎవడైన నున్నాడా?

అయినను 2017 నవంబరులో నాగపురమున జరిగిన జాతీయ పోటీని తలంచినపుడు నా సంశయము కొంత తీరినది. ఆ యేట పెద్దవారందరు వచ్చిరి. సైనా వచ్చెను, అప్పటికి ప్రపంచమున రెండవస్థానమున నున్న సింధు వచ్చెను, ఆ సంవత్సరమే ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్కు, ఫ్రాన్సు పోటీలు నాలుగింటిని గెలిచిన మన గుంటూరు జిల్లా కిదాంబి శ్రీకాంత్ వచ్చెను. పై శ్రేణివారికి తొలి ఆటలు లేకుండ, పదునార్గురు మిగిలిన దశనుండి ఆడునట్లు వెసులుబాటు కల్పించిరి. ఎద్దుమీది బరువును కొంత దించి బండి కట్టిరన్నమాట.

ఏమి జరిగినది? తుది ఆటలో సైనా 21-17, 27-25 లెక్కతో సింధును ఓడించెను. ఆ రెండవ ఆటలోని ఇరువదియేడు పాయింట్ల పోరును చూచినవారు దానిని మరువజాలరు. పురుషుల తుది ఆటలో శ్రీకాంత్ కేరళీయుడైన ప్రణయ్ చేతిలో ఓడెను. పత్రికలు ఈ రెండింటినే పెద్ద అక్షరములతో వ్రాసినవి. నా దృష్టి వానికి ముందటి దినముపై నిలిచినది. అర్ధాంతిమములో సింధుకు ఎదురు నిలిచినది గద్దె రుత్విక శివాని, మన ఖమ్మము పిల్ల. ఆ పిల్ల మొదటి ఆటను సింధు చేతినుండి లాగికొన్నది. తక్కిన రెండింటిని సింధు గెలిచినది, నిజమే. కాని ప్రపంచమున రెండవ ఆటకత్తెతో మూడాటలు ఆడి, ఒకటి గెలిచి, తన బలమెంతో తాను కొలుచుకొన్న దినము ఆ పిల్లకు మరెక్కడ దొరకును? కోపెన్‌హాగెను పోయి దానిని కొనుక్కొనగలదా? పెద్దవారు ఇంటికి రానిచో జాతీయ విజేత యను పేరు ఎవరికో ఒకరికి వచ్చును. కాని ఆ పేరు తూకము వేయని బంగారము వంటిది. వన్నె యెంతో ధరించినవారికే తెలియదు.

ఇక్కడ నా లెక్క మారినది. అంతవరకు బాకీ క్రీడా సంఘమునకు, అధికారులకు చెల్లవలసినదని తలచియుంటిని. కాదు. వారు గుమాస్తాలు మాత్రమే. అప్పిచ్చినవాడు వేరు. పేరు లేని రోజులలో మనకెదురుగా నిలిచి, మనచేత ఓడి, మనలను ఓడించి, మన చేతికి పదును పెట్టినవారు అప్పిచ్చినవారు. వారిలో అనేకులు ఆట మానివేసిరి. వారికి తిరిగి చెల్లించుటకు దారిలేదు. కావున వారి తరువాతి వరుసలో నిలిచిన పిల్లలకు చెల్లింపవలెను. ఖాతా పేరు మారును, బాకీ మారదు.

ఈ ఋణమును వసూలు చేయువారికి కూడ ధర్మములు కలవు. 2019 ఫిబ్రవరిలో గువాహతిలో జరిగిన జాతీయ పోటీకి సైనా మరల వచ్చెను. కోర్టు నేల ఎగుడుదిగుడుగా నుండుటచే, కాలు విరుగునని భయపడి, ఆ కోర్టుపై ఆడనని చెప్పివేసెను. మరియొక కోర్టు చూపినంతట ఆడెను. తుదకు సింధును మరల ఓడించి విజేత యయ్యెను. కొందరు ఆమెకు గర్వమనిరి. నేననను. అతిథిని భోజనమునకు పిలిచి చిరిగిన విస్తరి వేయరాదు.

క్రికెట్టులో ఈ తగవు మరింత ముదిరినది. రంజీ పోటీలను విడిచినారని 2024లో ఇరువురు పేరుగల ఆటగాండ్రను, ఇషాన్ కిషన్, శ్రేయస్ అయ్యర్లను, బోర్డువారు వార్షిక ఒడంబడికల పట్టికనుండి తప్పించిరి. 2025 జనవరిలో విరాట్ కోహ్లి పండ్రెండేండ్ల అనంతరము ఢిల్లీ తరఫున రంజీ ఆడుటకు వచ్చినపుడు మైదానము వేలాది జనులతో నిండిపోయెను. అతడు ఆరు పరుగులకే బౌల్డయ్యెను. జనులలో అనేకులు లేచిపోయిరట. ఆ వికెట్టు తీసిన రైల్వే జట్టు బౌలరుకు మాత్రము అది ఎట్టి దినమో ఊహించుకొనుడు. అదే వారమున మన హైదరాబాదు సిరాజ్ నాగపురములో విదర్భపై రంజీ ఆడుచుండెను. ఆటో నడిపిన తండ్రికి కొడుకైన అతనిని మొదట లోకమునకు చూపినది ఆ రంజీయే గదా! బోర్డు చెప్పగా వచ్చిరా, తమంతట వచ్చిరా యని నేను తరచి చూడను. అయినను జప్తు చేసి తెచ్చిన ధాన్యము, తానుగా కొలిచియిచ్చిన ధాన్యము ఒకే గాదెలో పడినను రెండును ఒకటి కావని నాకు తోచును.

తానుగా కొలిచి ఇచ్చినవానిని చూడవలెనన్న కాకినాడలో పుట్టిన హనుమ విహారిని చూడుడు. 2021 జనవరిలో సిడ్నీనగరమున తొడ కండరము తెగినను గంటలకొలది నిలిచి దేశమును ఓటమినుండి తప్పించినవాడు. 2023లో ఇందూరు నగరమున, మధ్యప్రదేశమున నున్న ఆ ఇందూరున, ఆంధ్ర జట్టు నాయకుడుగా రంజీ ఆడుచు మణికట్టు విరుగగొట్టుకొనెను. కుడిచేతి ఆటగాడు, ఎడమచేతివాని వలె నిలిచి, ప్రాయికముగా ఒంటిచేత బ్యాటు పట్టి మరల ఆడెను. లోకము చూచు ఆట కాదు, టెస్టు కాదు. జట్టు ఓడెను కూడ. మరుసటి ఏడు, 2024లో, నాయకత్వమును గూర్చి సంఘముతో తగవు పుట్టి, ఇక ఆ జట్టుకు ఆడనని అతడే ప్రకటించెను. ఆ తగవులో న్యాయము ఎవరిదో తీర్చుట నా పని కాదు. అంత చెల్లించినవాడు సైతము అట్లు చెప్పవలసి వచ్చినదే యని మనసు నొచ్చినది.

కాళిదాసు రఘువంశమున కౌత్సుని కథ అయిదవ సర్గలో కలదు. వరతంతువు శిష్యుడైన కౌత్సుడు చదువు ముగించి గురుదక్షిణ ఏమియని అడిగెను. నీ శుశ్రూషయే చాలునని గురువు చెప్పెను. శిష్యుడు విడువక అడుగగా గురువు కోపించి, పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. (ఈ కోపము నాకెప్పుడును నచ్చలేదు, అయినను మహాకవి చెప్పినాడు, మనమేమనగలము.) కౌత్సుడు రఘుమహారాజు కడకు పోగా, ఆయన యజ్ఞమున సర్వస్వము దానమిచ్చి మట్టిపాత్రతో ఎదురువచ్చెను. తుదకు కుబేరుని అనుగ్రహమున కోశాగారము బంగారముతో నిండెను. రాజు దానినంతయు తీసికొమ్మనెను. కౌత్సుడు గురువునకీయవలసిన దానికి మించి ఒక కాసును ముట్టనొల్లడయ్యెను. సాకేతపురవాసులు ఇరువురను మెచ్చుకొనిరట.

నేను ఈ కథలో చూచినది కొలత. గురుదక్షిణకు సైతము ఒక లెక్క కలదు, ఆ లెక్క తీరినతోడనే శిష్యుడు స్వతంత్రుడు. ఆటగాని ఋణమునకు కొలత లేదన్నచో అది ఋణము కాదు, వెట్టి. ఏటికొకమారు, శరీరము బాగున్నపుడు, ఇంటి పోటీకి వచ్చి పిల్లలకెదురుగా నిజముగా ఆడుట, ఇంతియే నా లెక్క. ఊరక ముఖము చూపి పోవుట జమకు రాదు. పిలిచిన ప్రతి పందెమునకు రమ్మనుట చెల్లదు.

మన మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతమువారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఇంటికొకడు దుబాయి, మస్కటు పోయినవాడున్నాడు. సిరిసిల్లనుండి భివండికి పోయిన నేతన్నలున్నారు. ఊరు విడిచినాడని మనము వారి పేర్లను ఇంటి గుమ్మముపైనుండి తుడిచితిమా? ఈ గ్రంథాలయములో నా వెనుకనున్న రెండు బీరువాలు ఎడారిలో తాపీపని చేసిన చేతుల సొమ్ము. ఎవరును వారిని అడుగలేదు. సెలవుమీద వచ్చినపుడు ఇక్కడ కూర్చుండి పత్రిక చదువుకొన్నవారు, పుస్తకములు నేలపై పడియుండుట చూచి తామే పంపిరి.

కావున ఆదివారమునాటి తీర్మానమును నేను వ్యతిరేకింతును. ఆ బాలుడు రానందుకు నాకును కోపమే వచ్చినది. గెలువవలసిన ఆట ఓడితిమి. కాని మనము అతనిని పిలిచినదెట్లు? పోటీకి రెండు దినముల ముందు ఫోనులో ఎవరో ఒకరు చెప్పినారట. మన మైదానమున ఉత్తరపు ప్రక్క కంకర తేలియున్నది. పోయిన ఏడు అక్కడనే ఒక పిల్లవాని మోకాలు చీలినది. జీతముపై ఆడువాడు ఆ నేలమీద కాలు పెట్టుటకు సందేహించిన యెడల అది గర్వమా?

ఉగాదికి ఇంకను వ్యవధి యున్నది. పందెమునకు కాదు, పందెమునకు ముందు రెండు దినములు వచ్చి మన పిల్లలతో ఆడి పొమ్మని, రానుపోను ఖర్చులు సంఘమే భరించునని, ఒక లేఖ వ్రాసి తెచ్చితిని. క్రింద పదిమంది సంతకములకు స్థలము విడిచితిని. తీర్మానము పెట్టిన మిత్రుల సంతకములు మొదట నుండవలెనని నా కోరిక. కంకర ఎత్తుటకు పారలు మా ఇంట రెండున్నవి. మిగిలినవి ఎవరు తెత్తురో సభ ముగిసిన పిమ్మట నాతో చెప్పుడు.