అడగకముందే: డొక్కా సీతమ్మ స్మారకోపన్యాసం



డొక్కా సీతమ్మగారి పేరెత్తితే గోదావరి జిల్లాల్లో ఎవరైనా ముందు చెప్పేది ఎడ్వర్డ్ చక్రవర్తి సంగతి. 1903 పట్టాభిషేక వేడుకలకు ఆమెను పిలిచారనీ, ఆమె రానంటే ఫొటో అయినా పంపమన్నారనీ చెబుతారు. మనకు గర్వంగా ఉండే కథే. కానీ ఈ సాయంత్రం నేను ఆ వేడుకల దాకా వెళ్ళను, లంకల గన్నవరం రేవు దగ్గరే ఆగిపోతాను. దారిన పోయే మనిషికి ఎప్పుడు ఆకలేస్తుందో ఆ తల్లికి ఎలా తెలిసేది? చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న అది.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారు కూడా వచ్చినవారికి అన్నం పెట్టే మనిషే. ఊరివాళ్ళు ఆయన్ని బువ్వన్న అని పిలుచుకునేవారు. చిన్నప్పుడే తల్లి పోవడంతో ఇంటి భారం సీతమ్మగారి మీద పడింది. తర్వాత డొక్కా జోగన్నగారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చారు. 1909లో కన్నుమూసేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదంటారు.

అప్పటి కోనసీమను ఒక్కసారి తలుచుకోండి. గోదావరి పాయల మధ్య చిక్కిన నేల. ఇన్ని వంతెనలు లేవు. వైనతేయ దాటాలంటే చాలాచోట్ల పడవే దిక్కు. గాలి కలిసిరావాలి, జనం నిండాలి, శ్రావణ భాద్రపదాల్లో అయితే వరద తగ్గాలి. పొద్దున్నే దాటాల్సినవాళ్ళు మిట్టమధ్యాహ్నం దాటేవారు. సాయంత్రం దాటాల్సినవాళ్ళు అర్ధరాత్రి ఒడ్డున దిగేవారు. పసిపిల్లలతో దిగేవారు, బాలింతలతో దిగేవారు. చేతిలో డబ్బున్నా ఆ వేళకాని వేళ వండిపెట్టేదెవరు? మన దేశంలో సత్రాలకు కొదవ లేదు. మాన్యాలు రాసిచ్చిన పుణ్యాత్ములూ ఉన్నారు. అయితే సత్రానికి ఒక వేళ ఉంటుంది, అది దాటితే తలుపు మూస్తారు. సీతమ్మగారు తన వంటింటిని ఏటి వేళకు అమర్చుకున్నారు. ఆవిడ గొప్పతనం నాకు అన్నం రాశిలో కన్నా ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

అంతర్వేది కథ మీలో చాలామందికి తెలుసు. ఎన్నాళ్ళనుంచో నరసింహస్వామిని చూడాలని ఉన్న సీతమ్మగారు ఎట్టకేలకు పల్లకీలో బయలుదేరారు. దారిలో బోయీలు అలుపు తీర్చుకుంటుండగా ఒక పెళ్ళిబృందం అక్కడికొచ్చింది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. కాస్త ఓర్చుకోండర్రా, గన్నవరం వెళ్తే సీతమ్మగారింట్లో తిందాం అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆవిడ పల్లకీని వెనక్కి తిప్పించారు.

దేవుడి కన్నా అన్నార్తుడు మిన్న అని చెప్పడానికి ఈ కథను వాడుతుంటారు. అది తప్పని నేననను. నన్ను నిలిపేసినవి మాత్రం వేరే రెండు విషయాలు. పల్లకీలో కూర్చున్నవారికి బయటి పిల్లల ఏడుపు వినిపించడం ఒకటి. ప్రయాణంలో ఉన్నవాళ్ళం, పైగా దైవదర్శనానికి వెళ్తున్నవాళ్ళం, అలాంటివి చెవిన వేసుకోం. రెండోది, నేనే సీతమ్మనని వాళ్ళకు చెప్పినట్టు కథలో ఎక్కడా లేదు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి వంటకు ఉపక్రమించారు, అంతే. అలా వెనుదిరిగారన్న సంగతి ఆ పిల్లల తల్లిదండ్రులకు తెలిసి ఉంటే, ఆ రోజు ముద్ద మింగడం వాళ్ళకెంత కష్టమయ్యేది!

వరద రాత్రి లంకలో చిక్కుకున్న మనిషి కేక విని పడవ మీద అన్నం చేర్పించారన్న కథా ఇలాంటిదే. లంకెబిందెలు దొరికాయన్న కథల జోలికి మాత్రం నేను పోను. ఆవిడ చేసిన పనికి మహిమల సాయం అక్కర్లేదు.

ఊరుకాని ఊళ్ళో ఆకలి కన్నా, ఆకలవుతోందని నోరు తెరిచి చెప్పుకోవడం కష్టం. మన పూర్వులకు ఇది తెలుసు. చదువుకోవడానికి వచ్చిన వారాలబ్బాయిల ఏర్పాటు చూడండి. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట అని ముందే కుదిరిపోయేది కాబట్టి ఆ పిల్లవాడు ఏ గుమ్మం ముందూ ప్రతిసారీ చేయి చాచాల్సిన పని లేదు. అతని వారం వచ్చిందంటే విస్తరి వేసేవారు. అన్ని కులాల పిల్లలకూ ఆ గుమ్మాలు తెరుచుకోలేదన్నదీ నిజం. ఆ లోటును తర్వాత హాస్టళ్ళు కొంత తీర్చాయి.

2020 వేసవిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వలస కూలీలు జాతీయ రహదారుల వెంట వందల కిలోమీటర్లు నడిచారు. దారి పొడవునా జనం పులిహోర పొట్లాలు, మజ్జిగ, నీళ్ళ సీసాలు ఇచ్చారు. కొందరు మాత్రం వాళ్ళ ముఖాలతో పాటు కాళ్ళూ చూశారు. తెగిన చెప్పులు, తారు రోడ్డుకు బొబ్బలెక్కిన పాదాలు చూసి చెప్పుల జతలు తెచ్చి పంచారు. ఎవరూ వాళ్ళను చెప్పులు అడిగి ఉండరు. సీతమ్మగారి వారసులెవరంటే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరుంది. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ ఆ పేరుతో భోజనం మొదలైంది. నాకు ఈ రెండోదే ఎక్కువ సంతోషం. పదో తరగతి దాకా మధ్యాహ్నం బడిలో తిన్న పిల్ల ఇంటర్లో చేరగానే ఆ పూట ఏం తినాలి? పొద్దున్నే మొదటి బస్సెక్కాలి, అప్పటికి ఇంట్లో వంట కాదు. పదహారేళ్ళ వయసులో ఆకలి ఎక్కువ, అడగడానికి సిగ్గు ఇంకా ఎక్కువ. ఆ ఖాళీ ఎవరి కంట పడిందో వారికి ఈ వేదిక నుంచి నమస్కరిస్తున్నాను.

వేసవి సెలవుల ఖాళీ మిగిలే ఉంది. అమ్మానాన్నలు పొద్దున్నే కూలికి పోతే మధ్యాహ్నం పొయ్యి వెలగని ఇళ్ళు ఏవో బడిలో పాఠం చెప్పే టీచర్లకు, వండిపెట్టే అమ్మలకు తెలుసు. వాళ్ళలో కొందరు ఈ సభలోనే ఉన్నారు. ఇది ముగిశాక దయచేసి ఓ పది నిమిషాలు ఆగండి. ఈ ఊళ్ళో అలాంటి పిల్లలెవరో కాగితం మీద రాసుకుందాం, ఏ ఇంటి నుంచి ఏ రోజు అన్నం వెళ్ళాలో ఏప్రిల్‌లోపే తేల్చుకుందాం. ఆ పిల్లల పేర్లు మాత్రం మైకులో చదవవద్దు.